ఏడు సంఘాల ఊళ్ళలో అసలు గొడవ దేని గురించి?

ఫిలదెల్ఫియ, స్ముర్న, ఎఫెసు. మన ఊళ్ళలో ప్రార్థనా మందిరాల బోర్డుల మీద ఈ పేర్లు తరచూ కనిపిస్తాయి. లవొదికయ పేరు పెట్టుకున్న మందిరాన్ని మాత్రం నేనింతవరకు చూడలేదు. బైబిలు చివరి పుస్తకం ప్రకటన గ్రంథంలో ఏడు పట్టణాల సంఘాలకు రాసిన ఉత్తరాలున్నాయి. వాటిలో లవొదికయ సంఘానికి పడిన అక్షింతలు తెలిసినవాళ్ళు ఆ పేరు జోలికి పోరు మరి. పేర్లు ఇంత అలవాటైపోయినా, అవి ఒకప్పుడు జనంతో కిక్కిరిసిన, డబ్బున్న, ఒకదాని మీద ఒకటి పోటీ పడిన పట్టణాలన్న సంగతి మన ప్రసంగాల్లో పెద్దగా వినపడదు. ఆ పట్టణాల సంగతి తెలియకపోతే తొలి క్రైస్తవులకు, వాళ్ళ ఇరుగుపొరుగుకు మధ్య వచ్చిన తగాదా కూడా సరిగ్గా అర్థం కాదు. ‘రోము చక్రవర్తులు క్రైస్తవులను వేటాడారు’ అనే ఒక్క వాక్యంలో కథ ముగించేస్తాం. నిజానికి మొదటి రెండు వందల ఏళ్ళు ఆ తగాదా ఎక్కువగా సంతలో, కటికవాడి అంగడిలో, వృత్తి సంఘాల విందుల్లో, ఊరేగింపుల దగ్గర నడిచింది.

ముందు ఊళ్ళెక్కడున్నాయో చూద్దాం. కొత్త నిబంధనలో ‘ఆసియ’ అంటే ఖండం కాదు. అది రోమా సామ్రాజ్యంలో ఒక రాష్ట్రం, ఇవాళ్టి టర్కీలో పడమటి భాగం. పెర్గము నుంచి ఏలిన మూడో అత్తలస్‌కు వారసులు లేరు. క్రీ.పూ. 133లో చనిపోతూ రాజ్యాన్ని రోముకు వీలునామా రాసిపోయాడు. ఆ వీలునామా మీద ఏర్పడిన రాష్ట్రమే ఆసియ. తీరంలో గ్రీకులు అప్పటికే వందల ఏళ్ళుగా ఉన్నారు. పట్టణాల్లో చదువూ వ్యాపారమూ కోర్టు వ్యవహారమూ అన్నీ గ్రీకులోనే. లోపలి కొండ ప్రాంతాల్లో మాత్రం పాత భాషలు బతికే ఉన్నాయి. లుస్త్ర అనే ఊళ్ళో తొలి తరం క్రైస్తవ బోధకులు బర్నబాను జ్యూస్ దేవుడనీ, పౌలును హెర్మే దేవుడనీ జనం కేకలు వేసింది గ్రీకులో కాదు, లుకయోనియ భాషలో. అందుకే తమకు బలి ఇవ్వడానికి ఎడ్లను, పూదండలను తెచ్చేదాకా ఏం జరుగుతోందో వాళ్ళిద్దరికీ తెలియలేదు.

పేర్లతో ఇంకో తికమక ఉంది. శిష్యులను మొదటిసారి ‘క్రైస్తవులు’ అని పిలిచిన అంతియొకయ సిరియాది, ఇప్పటి అంతాక్యా. పౌలు సమాజ మందిరంలో ప్రసంగించిన పిసిదియ అంతియొకయ వేరు, అది అనతోలియా (ఇప్పటి టర్కీలోని ఆసియా భాగం) నడిమి కొండల్లో యాల్వాచ్ అనే చిన్న పట్టణం పక్కన ఉంది.

ప్రకటన గ్రంథంలో ఏడు పట్టణాల వరస చూడండి: ఎఫెసు, స్ముర్న, పెర్గము, తుయతైర, సార్దీస్, ఫిలదెల్ఫియ, లవొదికయ. మ్యాపు మీద ఈ చుక్కలను ఇదే వరసలో కలిపితే ఉత్తరానికి వెళ్ళి, ఆగ్నేయంగా తిరిగి దిగే దారి వస్తుంది. ఒక్కో ఊరికీ మధ్య రెండు నుంచి నాలుగు రోజుల నడక. ఆ గ్రంథకర్త యోహాను ఉన్న పత్మాసు ద్వీపం నుంచి ఉత్తరం పట్టుకొచ్చినవాడు ఎఫెసు రేవులో దిగి నడిచే దారి అది. ఆసియలో సంఘాలు ఈ ఏడే కావు. లవొదికయ పక్కనే కొలొస్సయి, హియెరాపొలి, దూరంగా వాయవ్యాన త్రోయ ఉన్నాయి. మరి ఏడే ఎందుకు? ఏడు నిండు సంఖ్య అన్నది ఒక కారణం. దారిలో ఉన్న ఊళ్ళు కావడం రెండోది అయి ఉండాలి.

‘సంఘం’ అనగానే గోపురమో గంటో ఉన్న భవనం ఊహించుకుంటాం. ఆ ఉత్తరాలు రాసిన కాలానికి అలాంటివి లేవు. చాలామంది పండితులు ఆ గ్రంథాన్ని క్రీ.శ. 95 ప్రాంతంలో పెడతారు. అప్పటి సంఘం అంటే ఎవరో ఒకరి ఇంట్లో కలుసుకునే కొద్దిమంది. లవొదికయలో నుంఫా ఇంట్లో కూడేవారని కొలొస్సయులకు రాసిన ఉత్తరంలో ఉంది. ఎఫెసులో పౌలు రెండేళ్ళు బోధించింది తురన్ను అనే ఆయన పాఠశాలలో. ఇవాళ టూరిస్టులు ఫొటోలు దిగే చర్చి శిథిలాలన్నీ నాలుగో శతాబ్దమూ ఆ తర్వాతివే. ఫిలదెల్ఫియలో, అంటే ఇప్పటి అలాషెహిర్‌లో, మిగిలిన పెద్ద ఇటుక స్తంభాలు కూడా ఆ ఉత్తరం అందిన కొన్ని వందల ఏళ్ళకు లేచినవే. గైడు ‘ఇదే ఏడు సంఘాల్లో ఒకటి’ అని చూపిస్తే ఊరు వరకు నమ్మండి, గోడను నమ్మకండి.

ఊరందరి దేవత

ఆ పట్టణాల్లో దేవుడి పని, ఊరి పని అని రెండు వేరుగా ఉండేవి కావు. ఎఫెసునే తీసుకుందాం. అర్తెమిదేవి గుడి ప్రపంచపు ఏడు వింతల్లో ఒకటి. గుడికి భూములున్నాయి. జనం, పట్టణాలు కూడా డబ్బు తెచ్చి అక్కడ దాచుకునేవారు, అంటే అది బ్యాంకు కూడా. ప్రాణభయంతో వచ్చినవాడికి అది ఆశ్రయం. క్రీ.శ. 104లో సలుతారిస్ అనే ధనికుడు ఊరికి ఒక శాశ్వత నిధి ఇచ్చాడు. ఆ డబ్బుతో అర్తెమిదేవివీ చక్రవర్తి కుటుంబానివీ 30 దాకా వెండి, బంగారు బొమ్మలను గుడి నుంచి ఊళ్ళోకి, నాటకశాలకు ఊరేగించాలి. పాల్గొన్నవాళ్ళకు చిల్లర పంచాలి. ఎవరికెంత, ఎవరు మోయాలి, ఏ వాకిట్లోంచి రావాలి అన్నీ వందల పంక్తుల శాసనంగా రాతిలో చెక్కించారు. భక్తి, పరువు, పంపకం ఒకే ఊరేగింపులో నడిచాయి.

ఈ నేపథ్యంలో అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం చదివితే దేమేత్రి కొత్తగా కనిపిస్తాడు. అతను అర్తెమిదేవికి వెండి గుళ్ళు చేయించే కంసాలి. తన వృత్తివాళ్ళను పోగేసి చెప్పిన మాటల్లో మొదటిది పౌలు బోధ వల్ల జీవనం పోతుందని. దేవి ఘనత తగ్గిపోతుందన్నది ఆ తర్వాత వచ్చింది. చాలామంది ఇక్కడ అతన్ని దురాశాపరుడని కొట్టిపారేస్తారు. నాకది తేలిక తీర్పు అనిపిస్తుంది. ఎఫెసులో ఆ రెండు ఆదుర్దాలూ ఒకటే. దేవి ఘనత తగ్గితే యాత్రికులు తగ్గుతారు, రేవు తగ్గుతుంది, పక్క ఊళ్ళ ముందు పరువు పోతుంది.

ఆ అల్లరిలో జనం పాతిక వేలమంది పట్టే నాటకశాలలోకి దూరి రెండు గంటలసేపు ‘ఎఫెసీయుల అర్తెమిదేవి మహాదేవి’ అని అరిచారు. సగం మందికి ఎందుకు వచ్చామో కూడా తెలియదని ఆ రచయితే కొంచెం వెటకారంగా రాశాడు. చివరికి వాళ్ళను సర్ది ఇంటికి పంపింది రోమా సైనికుడు కాదు, ఊరి కరణం. అతని వాదనలో క్రైస్తవుల మీద ప్రేమ లేదు. ఫిర్యాదు ఉంటే న్యాయసభలున్నాయి, అధిపతులున్నారు. ఇలా గుమిగూడితే రేపు అల్లరి చేశామని మన మీదే కేసు పడుతుంది, అంతే. రోము ఆ పట్టణాలకు స్వపరిపాలన ఇచ్చింది, శాంతి చెడితే దాన్ని లాక్కోగలదు కూడా. ఊరిపెద్దల అసలు భయం అది.

చక్రవర్తి పూజ కూడా పైనుంచి రుద్దిందని అనుకుంటాం. క్రీ.పూ. 29లో అగస్టస్‌కు, రోముకు కలిపి గుడి కట్టుకుంటామని అడిగింది ఆసియ పట్టణాలే. అది పెర్గములో వెలిసింది. క్రీ.శ. 26లో తిబెరి చక్రవర్తికి గుడి కట్టే అవకాశం కోసం 11 పట్టణాలు రోములో సెనేటు ముందు వాదించుకున్నాయి. ఎఫెసుకు అర్తెమిదేవితోనే తీరిక లేదని పక్కన పెట్టారు. పెర్గముకు ఇప్పటికే ఒకటుంది. లవొదికయ అంత స్థోమత లేనిదన్నారు. చివరి దాకా సార్దీస్, స్ముర్న నిలబడితే స్ముర్న గెలిచింది. ఓడిపోయిన సార్దీస్‌వాళ్ళు ఇంటికెళ్ళి ఎంత ఏడ్చుకున్నారో చరిత్ర రాయలేదు. గుడి వస్తే ఉత్సవాలు, క్రీడలు, వ్యాపారం, గవర్నరు దగ్గర మాట చెల్లుబాటు అన్నీ వస్తాయి. పెర్గములో ‘సాతాను సింహాసనం’ ఉందని ప్రకటన గ్రంథం అన్నప్పుడు దేన్ని ఉద్దేశించిందో పండితులు ఒక మాట మీద లేరు. ఇప్పుడు బెర్లిన్‌లో ఉన్న జ్యూస్ మహాబలిపీఠం అంటారు కొందరు, వైద్యానికి దేవుడైన ఆస్క్లేపియుస్ వైద్యశాల అంటారు కొందరు. ఆ మొదటి చక్రవర్తి గుడే అన్న వాదం నాకు బలంగా కనిపిస్తుంది.

ఇలాంటి చోట ఒకడు బలి దగ్గరకు రానంటే, ఊరి జాతరకు చందా ఇవ్వనన్న ఇంటిని జనం ఎలా చూస్తారో అలా చూశారు. అతను లోపల ఏం నమ్ముతున్నాడో ఎవరికీ పట్టలేదు. రాకపోవడమే నేరం. భూకంపం వచ్చినా, పంట పోయినా దేవతకు కోపం తెప్పించింది వీడే అంటారు. ఆ రోజుల్లో క్రైస్తవులకు పడిన తిట్టు ‘నాస్తికులు’.

యూదులు కూడా బలుల దగ్గరకు వచ్చేవాళ్ళు కాదు కదా, వాళ్ళకెలా చెల్లింది? వాళ్ళది పాత మతం. మూడో అంతియొకస్ రాజు క్రీ.పూ. మూడో శతాబ్దం చివర్లో బబులోను ప్రాంతం నుంచి 2000 యూదు కుటుంబాలను తెచ్చి లుదియ, ఫ్రుగియల్లో స్థిరపరిచాడు. వాళ్ళ పితరుల ఆచారాలకు రోము వరస ఉత్తర్వులతో రక్షణ ఇచ్చింది. సార్దీస్‌లో 1962లో బయటపడిన సమాజ మందిరం ఊరి మధ్య స్నానశాలల సముదాయంలోనే భాగం. ఇప్పుడు కనిపించే రూపం తర్వాతి కాలానిదే అయినా, వాళ్ళు ఊరికి ఎంత దగ్గరివాళ్ళో చెబుతుంది. క్రైస్తవులు ఆ గొడుగు కింద ఉన్నంతకాలం ఎవరూ పట్టించుకోలేదు. వేరు మనుషులని తెలిశాక గొడుగు పోయింది. స్ముర్న, ఫిలదెల్ఫియ ఉత్తరాల్లో యూదుల గురించి ఉన్న పరుషమైన మాటలు ఈ విడిపోతున్న కుటుంబపు పోట్లాటలోవి. వాటిని తర్వాతి శతాబ్దాలు సందర్భం నుంచి పీకి వాడుకోవడం వేరే విషాదం.

మాంసం దగ్గర వచ్చిన చీలిక

బయటివాళ్ళతో గొడవ ఒకటైతే, ఎంతవరకు కలవాలన్నది క్రైస్తవుల్లోనే తేలలేదు. గుళ్ళో బలి ఇచ్చిన పశువు మాంసం అంగడికి వచ్చేది. పౌలు ఎఫెసు నుంచి కొరింథీయులకు రాస్తూ, కటికవాడి అంగడిలో అమ్మింది ఏ విచారణా లేకుండా తినవచ్చన్నాడు. పక్కవాడు ‘ఇది బలి అర్పించినది’ అని చెబితే మాత్రం వద్దన్నాడు. నలభై ఏళ్ళ తర్వాత ప్రకటన గ్రంథం పెర్గములో, తుయతైరలో బలి మాంసం తినేవాళ్ళను ఘాటుగా ఖండించింది. తుయతైర వృత్తి సంఘాల ఊరు. అద్దకం పనివాళ్ళు, కంచరులు, తోలు పనివాళ్ళు, రొట్టెలు చేసేవాళ్ళు, ఎవరి సంఘం వాళ్ళకు ఉండేదని శాసనాలు చెబుతున్నాయి. వృత్తి సంఘం విందు దేవుడి పేరున ద్రాక్షారసం ధారపోయడంతో మొదలవుతుంది. విందుకు వెళ్ళనివాడికి పని దొరకదు. వెళితే తోటి క్రైస్తవులకు ముఖం చూపించలేడు. తుయతైర ఉత్తరం ‘యెజెబెలు’ అని, పాత నిబంధనలోని విగ్రహారాధకురాలైన రాణి పేరుతో తిట్టిన స్త్రీ బహుశా ‘వెళ్ళండి, ఫరవాలేదు’ అన్న బోధకురాలు. ఆమె వైపు వాదన మనకు దక్కలేదు.

లవొదికయ ఉత్తరం చదివితే దాని రచయితకు ఊళ్ళు బాగా తెలుసని అనిపిస్తుంది. ‘నేను ధనవంతుడను, నాకేమీ కొదువలేదు’ అనే ఊరు అది. క్రీ.శ. 60లో భూకంపం కూల్చేస్తే రోము సాయం లేకుండా సొంత డబ్బుతో లేచిందని తాసితుస్ అనే రోమా చరిత్రకారుడు రాశాడు. ఇక ‘నువ్వు వేడిగానూ లేవు, చల్లగానూ లేవు, నులివెచ్చగా ఉన్నావు’ అన్న మందలింపు. ఉత్తరాన కనిపించే దూరంలో హియెరాపొలి, అంటే పాముక్కలే వేడి ఊటలు. తూర్పున కొలొస్సయిలో చల్లని ఏటి నీళ్ళు. లవొదికయకు రాతి గొట్టాల్లో వచ్చే నీళ్ళలో సున్నం ఎంతంటే ఆ గొట్టాలు లోపల మందంగా పేరుకుపోయి ఇప్పటికీ అక్కడ పడి ఉన్నాయి. వేడి అంటే ఆసక్తి, చల్లదనం అంటే నిరాసక్తి అని మన ప్రసంగాల్లో చెబుతారు. అలాగైతే ‘చల్లగానైనా ఉంటే బాగుండు’ అన్న మాటకు అర్థమే ఉండదు. వేడినీళ్ళు ఒంటి నొప్పులకు, చన్నీళ్ళు దాహానికి పనికొస్తాయి, మీ నీళ్ళు దేనికీ పనికిరావు అన్న వివరణే నాకు కుదురుతుంది. ఆ ఊరు కంటి మందుకు పేరుపొందిందని, అందుకే ‘కాటుక’ ప్రస్తావన అని చెప్పేవాళ్ళు మాత్రం కొంచెం ఆగాలి. దగ్గర్లో ఒక వైద్య పాఠశాల ఉండేదని గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు, ఫ్రుగియ పొడి అనే కంటి మందూ ఉండేది. ఆ రెంటినీ కలిపి లవొదికయకు కట్టబెట్టింది ఊహే.

వేట ఎవరిది?

సుమారు క్రీ.శ. 112లో ఉత్తర అనతోలియాలోని బితూనియ, పొంతు గవర్నరు ప్లినీ త్రాయాను చక్రవర్తికి రాసిన ఉత్తరం ఈ విషయంలో మనకున్న మంచి సాక్ష్యం. ఆయన క్రైస్తవులను వెతుక్కుంటూ వెళ్ళలేదు. స్థానికులు ఫిర్యాదులు తెచ్చారు, సంతకం లేని ఓ పేర్ల జాబితా కూడా వచ్చింది. వాళ్ళు తెల్లవారకముందే కూడి క్రీస్తును దేవుడిలా స్తుతించి పాడతారని, తర్వాత మళ్ళీ కలిసి మామూలు భోజనం చేస్తారని విచారణలో తేలింది. ఇద్దరు బానిస స్త్రీలను, సంఘంలో పరిచారికలను, హింసించి అడిగినా మితిమీరిన మూఢనమ్మకం తప్ప ఏమీ దొరకలేదన్నాడు. ఆ హింసను ఆఫీసు ఫైలు రాసినంత మామూలుగా రాశాడు. ఇది పట్టణాలకే కాదు, పల్లెలకూ పాకిందని చెప్పి చివర్లో ఒక మంచి వార్త చేర్చాడు: ఖాళీ అయిన గుళ్ళకు మళ్ళీ జనం వస్తున్నారు, మొన్నటిదాకా కొనేవాడే లేని బలి మాంసం అమ్ముడవుతోంది. ఫిర్యాదుల వెనక ఎవరున్నారో ఆయన చెప్పలేదు కానీ, మాంసం మాట ఊరికే రాలేదు.

త్రాయాను జవాబు నాలుగు ముక్కలు. వెతకొద్దు. ఎవరైనా పట్టిస్తే, రుజువైతే శిక్షించు. మన దేవుళ్ళకు మొక్కితే వదిలెయ్. పేరు లేని జాబితాలు తీసుకోకు. అంటే నేరమే, కానీ పొరుగువాడు ఫిర్యాదు చేసేదాకా నేరం కాదు. నూరేళ్ళకు పైగా క్రైస్తవుల ప్రాణాలు పొరుగువాడి మూడ్ మీద ఆధారపడ్డాయంటే అతిశయోక్తి కాదు.

155 ప్రాంతంలో స్ముర్న క్రీడాస్థలంలో చంపబడిన ఆ ఊరి బిషప్పు పోలికార్పు కథలోనూ అంతే. గవర్నరు ముసలాయన కదా అని వదిలేయడానికి దారులు చూపిస్తుంటాడు. 86 ఏళ్ళు సేవించిన నా రాజు క్రీస్తును ఎలా దూషించగలనంటాడు పోలికార్పు. ‘మన దేవుళ్ళను పడగొట్టేవాడు’ అని అరిచి, పరుగున వెళ్ళి కట్టెలు తెచ్చింది గుంపు. ఇది విశ్వాసులు రాసుకున్న కథనమే, అలంకారాలు లేకపోలేదు. అయినా గవర్నరు కంటే ఊరే ముందుందన్న మాట అందులో దాచలేదు.

సామ్రాజ్యమంతటా ఒకే ఉత్తర్వుతో బలి ఇవ్వమన్నది దేకియుస్ చక్రవర్తి, క్రీ.శ. 249, 250లో. ఆ తర్వాత 303లో దియోక్లెతియాను నికొమేదియలో, ఇప్పటి ఇజ్మిత్‌లో, తన రాజభవనం నుంచి కనిపించే చర్చిని కూల్చి పెద్ద హింస మొదలుపెట్టాడు. రాజభవనానికి ఎదురుగా చర్చి కట్టుకునే ధైర్యం అప్పటికే ఉందన్న సంగతి కూడా ఆ వాక్యంలో గమనించాలి. 312లో దక్షిణ అనతోలియాలోని లుకియ, పంఫూలియ ప్రజలు క్రైస్తవులను అడ్డుకోమని పెట్టుకున్న అర్జీ అరికంద అనే ఊళ్ళో రాతి మీద దొరికింది. అర్జీ పెట్టించింది చక్రవర్తి మాక్సిమినుసే అని క్రైస్తవ చరిత్రకారుడు యూసేబియుస్ అంటాడు. కొంత నిజమై ఉండొచ్చు. కానీ ఎదురుచూస్తున్నవాళ్ళు ఊళ్ళో లేకపోతే అలాంటి అర్జీ రాతికెక్కదు.

ఇదే కాలంలో లోపలి ఫ్రుగియలో కథ వేరుగా ఉంది. ఎగువ తెంబ్రిస్ లోయలో మూడో శతాబ్దపు సమాధి రాళ్ళ మీద ‘క్రైస్తవులు క్రైస్తవులకు’ అని బాహాటంగా చెక్కించుకున్నారు. కాడెడ్లు, నాగలి, దువ్వెన, కదురు బొమ్మలతో పాటు. ఊళ్ళో ఎక్కువమంది వాళ్ళే అయితే ఎవరికి దాచాలి? అదే ఫ్రుగియలో రెండో శతాబ్దంలో మొంతాను, ప్రిస్కిల్ల, మక్సిమిల్ల కొత్త ప్రవచనం మొదలుపెట్టారు. పరలోక యెరూషలేము పెపూజ అనే చిన్న ఊళ్ళో దిగుతుందని వాళ్ళ నమ్మకం. స్త్రీలు ప్రవక్తలుగా నాయకత్వం వహించడం పట్టణాల బిషప్పులకు మింగుడు పడలేదు. మహానగరాల బిషప్పులే మనకు చరిత్ర రాసిపెట్టారు కాబట్టి, అనతోలియా పల్లె క్రైస్తవం గురించి ఈ రాళ్ళు లేకపోతే దాదాపు ఏమీ తెలిసేది కాదు.

గుడి పోయిందా, మారిందా

క్రైస్తవాన్ని ఆదరించిన కాన్‌స్టాంటైన్ చక్రవర్తి తర్వాత పాత దేవుళ్ళ పూజలన్నీ రాత్రికి రాత్రి ఆగిపోలేదు. 542లో జస్టీనియన్ చక్రవర్తి పంపితే ఎఫెసు యోహాను అనే బిషప్పు ఆసియ, కారియ, లుదియ, ఫ్రుగియల్లో డెబ్భై ఎనభై వేలమందికి బాప్తిస్మం ఇచ్చానని చెప్పుకున్నాడు. లెక్క పెంచి చెప్పినా, అప్పటికీ అంతమంది మిగిలారన్నది అసలు విషయం. అఫ్రొదీసియలో సుమారు 500లో అఫ్రొదీతె గుడిని చర్చిగా మార్చిన తీరు చూడాలి. లోపలి గర్భగుడి గోడలను విప్పి, ఆ రాళ్ళతో బయటి స్తంభాల చుట్టూ కొత్త గోడ కట్టారు. బయట నిలబడిన స్తంభాలు లోపలి వరసలయ్యాయి. గుడి వస్త్రం తిరగేసినట్టు మారి, పాత గుడికన్నా పెద్ద చర్చి అయింది. ఎఫెసులో దేమేయ అనేవాడు అర్తెమి విగ్రహాన్ని తీసేసి సిలువ నాటానని గర్వంగా చెక్కించుకున్నాడు. అగస్టస్, లీవియ విగ్రహాల నుదుట సిలువలు గీశారు. అవి ఇప్పటికీ మ్యూజియంలో ఉన్నాయి.

431లో ఎఫెసులోనే బిషప్పుల మహాసభ జరిగి, మరియను ‘దేవుని కన్నతల్లి’ అని పిలవడం సరైనదే అని తీర్మానించింది. ఆ రాత్రి జనం దివిటీలు పట్టుకుని, స్త్రీలు ధూపం వేస్తూ బిషప్పులను బసల దాకా సాగనంపారు. అర్తెమిదేవి పోయి మరియ వచ్చిందని చాలామంది దీన్ని ఒక్క గీతతో కలిపేస్తారు. వినడానికి బాగుంటుంది. కానీ ఆ వివాదం పుట్టింది కాన్‌స్టాంటినోపుల్, అలెగ్జాండ్రియా బిషప్పుల మధ్య. ఎఫెసును ఎంచుకున్నది చక్రవర్తి, రేవు ఉంది, తిండికి లోటు ఉండదు అని. అర్తెమిదేవి మహాలయాన్ని గోత్ అనే తెగవాళ్ళు తగలబెట్టి అప్పటికే 160 ఏళ్ళు దాటింది. జనం ఊరేగింపు పద్ధతి మాత్రం మర్చిపోలేదంటే ఒప్పుకుంటాను.

ప్రకటన గ్రంథం ఎఫెసు సంఘానికి చేసిన ‘దీపస్తంభం తీసివేస్తాను’ అన్న హెచ్చరిక నెరవేరి ఎఫెసు పాడైందని కూడా అంటుంటారు. ఆ హెచ్చరిక తర్వాత ఎఫెసు కొన్ని వందల ఏళ్ళు ఆసియ అంతటికీ పెద్ద బిషప్పు పీఠంగా వెలిగింది. ఊరిని ఖాళీ చేయించింది నది. కాయిస్త్రు నది ఒండ్రుతో రేవు పూడుతూ వచ్చింది, ఎంత తవ్వినా ఆగలేదు. దోమలు, జ్వరాలు పెరిగాయి. జనం పక్కనున్న అయసులుక్ కొండకు, జస్టీనియన్ కట్టించిన యోహాను బసిలికా చుట్టూ చేరారు. ఇప్పుడు సముద్రం కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉంది. లవొదికయను ఏడో శతాబ్దపు మొదట్లో భూకంపం, సార్దీస్‌ను దాదాపు అప్పుడే పర్షియన్ల దాడి దెబ్బతీశాయి. ఫిలదెల్ఫియ 1390 దాకా ఒట్టోమన్లకు లొంగలేదు, పశ్చిమ అనతోలియాలో గ్రీకు క్రైస్తవుల ఏలుబడిలో అప్పటికి మిగిలిన పట్టణం అదొక్కటే. స్ముర్న ఇజ్మీర్ పేరుతో ఈరోజుకీ మహానగరం. అక్కడా మిగతా అనతోలియాలోనూ గ్రీకు క్రైస్తవ జీవితం చాలావరకు ముగిసింది చాలా ఇటీవల, 1922 యుద్ధంతో, 1923లో టర్కీ, గ్రీసు చేసుకున్న జనాభా మార్పిడి ఒప్పందంతో.